మూడు మాటల వరస

లియెపాయాలో ఫిబ్రవరి గాలికి
తలుపు వేయడమంటే కుస్తీ పట్టడమే.
భుజంతో నెట్టుకుని లోపలికొస్తే
స్కైద్రీతె గదిలో ఇంకా మైదా జిగురు వాసన.
ఆవిడ పని మానేసి నాలుగేళ్ళు.
వాసన ఇంకా రిటైరు కాలేదు.

నలభై ఒక్క ఏళ్ళు మా లైబ్రరీ నేలమాళిగలో
వెన్ను విరిగిన పుస్తకాలకు వెన్ను కట్టింది.
మైనం రాసిన నార దారం, ఎముక బద్ద,
పళ్ళ మధ్య సూది.
ఎవరితోనైనా మాట్లాడాలంటే
ముందు ఆ సూదిని ఎక్కడో గుచ్చాలి,
అందుకే తక్కువ మాట్లాడేది.

ఇప్పుడు చూపు నడిమధ్య ఒక బూడిద మచ్చ.
ఏ మాటను చూస్తే ఆ మాటే మాయం.
"అంచులు బాగానే కనిపిస్తాయి,
మార్జిన్లు చదువుకుంటున్నాను" అని నవ్వింది.

సంచీలోంచి తీసిచ్చాను.
పలకంత ఉంది, పలక కంటే పలచన.
చేప కొనేముందు తూచినట్టు
అరచేతిలో తూచింది.
"దీని బరువు ఎప్పుడూ ఇంతేనా?
రెండొందల పేజీలకీ, వెయ్యి పేజీలకీ?"
ఇంతే, అన్నాను.
"మరి ఎంత చదివానో
నా ఎడమ చేతికెలా తెలుస్తుంది?"
నీళ్ళు నమిలి, శాతం చూపిస్తుందన్నాను.
"జ్వరం చూపించినట్టా?"

అలవాటుగా వేలు తడి చేసుకుంది.
తడి తగలగానే పలక
ఒకేసారి ఆరు పేజీలు దూకి
ఎవరిదో పెళ్ళి అయిపోయిన చోట ఆగింది.
పెళ్ళికి ముందుకు రావడానికి
మాకు పావుగంట పట్టింది.

అప్పుడు చూపించాను, అక్షరాన్ని పెంచడం.
గోరంతది కొండంతయింది.
మచ్చ చుట్టూ మిగిలిన చూపులో
ఒక అక్షరం కాలు, ఇంకో అక్షరం నడుము
పట్టుబడ్డాయి.
ఆవిడ పెదవులు కదిలాయి.
శబ్దం లేదు.
కిటికీ అద్దాన్ని ఇసుక కొడుతూనే ఉంది.

పదిహేనో రోజు ఫోను.
"పుస్తకం లేదు. రాత్రి ఉంది.
కోడిపిల్లను నక్క ఎత్తుకుపోయినట్టు పోయింది."
గడువు అయిపోయిందండీ,
దానంతటదే వెనక్కి వెళ్ళిపోతుంది.
చాలాసేపు అవతల ఊపిరి మాత్రమే.
"నలభై ఒక్క ఏళ్ళలో ఒక్కడూ
ఇంత టైముకి తిరిగివ్వలేదు నాకు.
కానీ వెళ్తూ ఏమీ వదల్లేదేం?"

మంచం కింద ఒక బిస్కెట్ల డబ్బా ఉందావిడకి.
బాగుకొచ్చిన పుస్తకాల్లో దొరికినవి:
ట్రాము టికెట్టు, ఎండిన చేప పొలుసు,
పళ్ళ డాక్టరు రమ్మన్న తేదీ,
వెంట్రుకలు రెండు, ఒకటి ఎర్రది,
"ఇల్మార్స్‌కి చెప్పొద్దు" అని సగం చిరిగిన చీటీ.
ఏం చెప్పకూడదో తెలియకుండానే
ముప్ఫై ఏళ్ళుగా చెప్పకుండా ఉంది.

ఈస్టర్‌కి ముందు పలక కిందపడింది.
ఈ మూల నుంచి ఆ మూలకి
గడ్డకట్టిన చెరువు మీద చీలినట్టు పగులు.
పొడవునా వేళ్ళతో తడిమింది.
సూదుల డబ్బా తెరిచి
మళ్ళీ మూసేసింది.
"దీన్ని కుట్టలేం."
ఆ మాట అంతకుముందు ఆవిడ నోట వినలేదు నేను.
వరదలో నానిన రిజిస్టర్లకీ అనలేదు,
ఎలుకలు కొట్టిన ప్రార్థనల పుస్తకానికీ అనలేదు.

ఇంకోటి తెచ్చిచ్చాను.
పారేసిన అట్లాసు తోలుతో
దానికి తనే తొడుగు కుట్టింది, కళ్ళతో కాదు, బొటనవేలితో.
లోపల ఎడమవైపు ఒక చిన్న జేబు.
దేనికి? అన్నాను.
"ఏదైనా దొరికితే."

ఇప్పుడు వెళ్తే నాకు పైకి చదువుతుంది.
అక్షరాలు అంత పెద్దవి గనక
వరసకి మూడే మాటలు పడతాయి.
మొన్నటిది ఓడ ఇంజన్ల మరమ్మతు.
ఎందుకు తెప్పించుకుందో అడగలేదు.
"విను," అంది,
"పాపం వీళ్ళకి తెలియదు,
రాసిందంతా కవిత్వమైపోయింది."

వాల్వు తెరిచే ముందు
ఆవిరి చల్లారేదాకా ఆగాలి.
ఒంటరిగా కిందికి దిగేటప్పుడు
పైనున్న ఎవరికైనా ఒక
మాట చెప్పి దిగాలి.